సందు చుక్క, సరి చుక్క: పరపు చిత్రణ చరిత్రలో రెండు మాటలు

ఒకే ఆకృతి గల పలకలను, నడుమ సందు విడువక, ఒకదానిపై నొకటి యెక్కనీయక, ఎంత దూరమైనను పరచుకొని పోవు విధానమునకు పాశ్చాత్య గణితజ్ఞులు టెస్సలేషన్ అని పేరిడిరి. చిన్న చదరపు పలక యను అర్థము గల లాటిన్ శబ్దమునుండి ఈ పేరు వచ్చినది. మన యిండ్లలో తాపీపనివారు బండలు ‘పరచుట’ అందురు. ఆ క్రియకు చేరువయైన ‘పరపు’ అను తెలుగు మాటకు విస్తారము, వ్యాప్తి అను అర్థములు కలవు. కావున ఈ వ్యాసమున మేము టెస్సలేషనును పరపు అనియు, అట్లు నిండిన చిత్రమును పరపు చిత్రమనియు వ్యవహరించుచున్నాము.

నేడు ఈ చిత్రములను అంతర్జాలమున లభించు సాధనములతో బడిపిల్లలు సైతము నిమిషములలో గీయుచున్నారు. ఒక ఆకృతిని ఎన్నుకొనినచో చాలును. సాధనము దానిని జరుపును, త్రిప్పును, అద్దములోవలె బోర్లించును, తెరనెల్ల నింపును. ఈ వేగమును చూచి, ఇది మనకు పూర్తిగా క్రొత్తయైన విద్యయని పలువురు తలంచుచున్నారు. ఆ తలంపు సరికాదని మా యభిప్రాయము. పరపు చిత్రణమున మొదటిదియు ముఖ్యమైనదియు అగు నిర్ణయమును మన స్త్రీలు రెండు చిన్న మాటలతో తీర్చుచు వచ్చిరి. ఆ మాటలు నేడు జారిపోవుచున్నవి. అవి జారిపోయినచో మిగిలిన అంకెలు నిరర్థకము లగును. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

పరిశీలనకు హైదరాబాదు నగరమునందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములను గ్రహించితిమి. ఈ మూడును ఒకదానినొకటి అంటియున్న పేటలు. పాత లోగిళ్లు కొన్ని, వానిని పడగొట్టి లేపిన అంతస్తుల యిండ్లు అనేకము, ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారితో నిండిన నగర కేంద్ర గ్రంథాలయము, చిన్న చిన్న గదులలో గుంపులుగా నివసించు విద్యార్థులు, 2020 ఫిబ్రవరి 7వ తేదీన ఆరంభమైన మెట్రో రైలు మార్గపు స్టేషనులు, అన్నియు నొక గంట నడకలో చూడవచ్చును. పాత నేలయు క్రొత్త తెరయు ఇంత దగ్గరగా నుండు తావు పరిశీలకునకు అనుకూలము గదా.

కాలిక్రింది సాక్ష్యము

ముందుగా నేలను చూతము. ఈ పేటలలోని పాత యిండ్లయందు షాబాదు బండల నేలలు ఇంకను కలవు. పూర్వము నిజాము రాజ్యములోను, నేడు కర్ణాటక రాష్ట్రములోను ఉన్న షాబాదు ప్రాంతమునుండి వచ్చిన సున్నపురాతి పలకలకు ఆ పేరే నిలిచినది. ఇవి నలుపలకలు, పరపు చిత్రములలో మిక్కిలి సులువైన రకము. వీని తరువాత సిమెంటుతో చేసిన రంగుల పలకలు, మొజాయిక్ పలకలు వచ్చినవి. ఇప్పుడు కాలిబాటలపై వంకరటింకర అంచులతో ఒకదానినొకటి పట్టుకొను సిమెంటు దిమ్మలను పరచుచున్నారు. ఆ దిమ్మ యొక్క ఒక వైపున ఉబ్బిన భాగము, ప్రక్క దిమ్మ యొక్క లోగిన భాగమున అమరును. చదరమున ఒక అంచునుండి ముక్కను కోసి ఎదుటి అంచునకు అతికించినచో వైశాల్యము మారదు, పరపునకు భంగము కలుగదు అను సూత్రమే ఇందు కనబడుచున్నది. అంతర్జాల సాధనములు బాలురకు మొదట నేర్పునదియు ఈ సూత్రమునే.

ఏ ఆకృతి పరపునకు లొంగునో, ఏది లొంగదో నిర్ణయించునది కోణము. ఒక బిందువు చుట్టు కోణముల మొత్తము 360 డిగ్రీలు. సమత్రిభుజ కోణము 60 గాన ఆరు త్రిభుజములు, చదరపు కోణము 90 గాన నాలుగు చదరములు, సమషడ్భుజ కోణము 120 గాన మూడు షడ్భుజములు ఒక బిందువు చుట్టు కుదురును. సమపంచభుజ కోణము 108. మూడు పంచభుజములు చేర్చినచో 324 మాత్రమే యగును; 36 డిగ్రీల సందు మిగులును; నాలుగవది పట్టదు. కాబట్టి ఒకే సమభుజిని అంచునకు అంచుగా పరచు పద్ధతులు మూడే. ఒకటికంటె ఎక్కువ రకముల సమభుజులను, ప్రతి బిందువునొద్దను ఒకే వరుసలో చేర్చు పద్ధతులు మరి ఎనిమిది కలవు. వీనిని జర్మను శాస్త్రవేత్త కెప్లరు 1619లో వెలువరించిన గ్రంథమున వివరించెను. రెండు అష్టభుజములు, ఒక చదరము కలిసిన నేల వీనిలో నొకటి. 135, 135, 90 కలిపిన 360 అగును.

భాగ్యనగరపు పాత పరపు

ఈ నగరమున పరపు చిత్రణమునకు ప్రసిద్ధమైన పాత సాక్ష్యము పై పేటలకు దక్షిణముగా, మూసీ నదికి ఆవలనున్న బాద్‌షాహీ ఆషుర్ఖానా. మహమ్మదు కులీ కుతుబ్‌షా దీనిని 16వ శతాబ్ది చివరి దశకమున నిర్మింపజేసెను. దీని గోడలపై నున్న రంగుల మెరుగుపలకల పని 1611 నాటిది. అందు షట్కోణముల వరుసలతో నిండిన భాగము చూపరుల నిప్పటికిని ఆకర్షించుచున్నది. పసుపు, నీలము మొదలగు రంగులు నాలుగు శతాబ్దముల తరువాతను వన్నె తరుగక యున్నవి.

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద ఈ గోడల క్రిందిభాగమును పాడుచేసెను. పలకలు రాలిన చోట్ల తరువాతివారు గచ్చుపై రంగులతో పాత చిత్రమును పోలిన చిత్రమును వ్రాసి పూరించిరి. ఈ సంఘటనము మా విషయమునకు మిక్కిలి ఉపకరించుచున్నది. ఒక రాజు ముఖచిత్రము సగము చెరిగిపోయిన యెడల మిగిలిన సగమును చూచి దానిని నిశ్చయముగ పూరించుట యసాధ్యము. పరపు చిత్రమట్లు కాదు. మిగిలిన భాగమునందు నియమము సమగ్రముగ నిలిచియుండును. నియమము తెలిసినవానికి పోయిన భాగము పోయినది గాదు. పలక పోయిన చోట రంగైనను నిలువగలిగినది అందువలననే. కాని నియమము తెలియని కాలము వచ్చినచో, చిత్రము కన్నుల యెదుట ఉన్నను దానిని పొడిగించు శక్తి యుండదు. చిత్రమును కాపాడుట వేరు, నియమమును కాపాడుట వేరు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలయునని కోరుచున్నాము.

ముగ్గునందలి రెండు మాటలు

ఇక ముగ్గు విషయము. ధనుర్మాసమున నెల పట్టిన నాటినుండి సంక్రాంతి వరకు వాకిట ముగ్గు పెట్టుట తెలుగువారి ఆచారము. ముగ్గులలో అనేక తెగలు కలవు. చుక్కలు లేకయే నడిమినుండి రేకులుగా వెలువడునవి కొన్ని. చుక్కలను గీతలతో కలుపునవి కొన్ని. చుక్కను తాకక దాని చుట్టు గీత మెలికలు తిరుగునవి కొన్ని. చివరి రెండు తెగలకును ముందుగా చుక్కల పరపు కావలయును. గీత తరువాతి మాట.

చుక్కలు పెట్టుటకు రెండు పద్ధతులు కలవు. పై వరుసలోని చుక్కకు సరిగా క్రింద మరియొక చుక్కను పెట్టుట మొదటిది. దీనిని సరి చుక్క అందురు. పై వరుసలోని రెండు చుక్కల నడిమి సందునకు ఎదురుగా క్రింది చుక్కను పెట్టుట రెండవది. దీనిని సందు చుక్క అందురు. కొందరు మధ్య చుక్క యనియు అందురు. ముగ్గును ఒకరికొకరు చెప్పుకొనునపుడు వాడు వాక్యము చిన్నది: పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చువరకు, సందు చుక్క. ఈ వాక్యమున చిత్రమును గూర్చి ఒక్క మాటయు లేదు. అయినను నేల సిద్ధమగుటకు వలసిన దంతయు ఇందున్నది.

లెక్క చూతము. నడుమ వరుసలో 15 చుక్కలు. దానికి ఇరువైపుల 14, 13, 12, 11, 10, 9, 8. ఒక వైపు మొత్తము 77. రెండు వైపుల 154. నడిమి వరుసతో కలిపి 169. ఇట్లేర్పడిన ఆకృతి ప్రతి అంచునను ఎనిమిది చుక్కలు గల షడ్భుజము. నేలపై ఎవరును కోణమానిని పట్టలేదు, షడ్భుజమని పేరును ఉచ్చరింపలేదు. వరుసకొక చుక్క తగ్గించి, సందులో పెట్టినంతమాత్రమున షడ్భుజము దానంతట అదే లేచి నిలిచినది.

ఇప్పుడు మరియొక వాక్యమును తీసికొందము: పదిహేను చుక్కలు, ఒకటి వచ్చువరకు. ఇందు సందు, సరి అను మాట విడువబడినది. ఈ వాక్యము రెండు వేర్వేరు నేలలను సూచింపగలదు. సందు చుక్కయైనచో వరుసకొకటి చొప్పున తగ్గును. 15, 14, 13 మొదలు 1 వరకు ఇరువైపుల పరచినచో మొత్తము 225 చుక్కలు. సరి చుక్కయైనచో నిలువు వరుసలు చెడకుండుటకై రెండేసి చొప్పున తగ్గవలయును. 15, 13, 11 మొదలు 1 వరకు ఇరువైపుల పరచినచో 113 చుక్కలు మాత్రమే. మొదటి నేలలో లోపలి ప్రతి చుక్కకును సమీప చుక్కలు ఆరు. రెండవ నేలలో నాలుగు. మొదటిదానిపై ఆరు రేకుల పువ్వు కుదురును. రెండవదానిపై నాలుగు రేకులది కుదురును. అంకెలు రెండును ఒకటే, ఫలితము వేరు. భేదమును నిర్ణయించునది రెండక్షరముల మాట.

ఈ రెండు మాటల గౌరవము ఆధునిక గణితముతో పోల్చినపుడు స్పష్టమగును. ఒక చిత్రము రెండు దిక్కుల అంతులేక పునరావృత్త మగుచున్నపుడు, దాని సౌష్ఠవము 17 తరగతులలో నేదో యొకటిగా నుండును. ఈ సంగతిని రష్యను శాస్త్రజ్ఞుడు ఫెదొరోవు 1891లోను, హంగేరీ గణితజ్ఞుడు పోల్యా 1924లోను నిరూపించిరి. ఈ 17లో మూడు మలుపుల లేక ఆరు మలుపుల తిరుగుడు గలవి 5. ఇవి సందు చుక్కల నేలపైననే నిలుచును. నాలుగు మలుపుల తిరుగుడు గలవి 3. ఇవి సరి చుక్కల నేలపైననే నిలుచును. తక్కిన 9 తరగతులను రెంటిలో దేనిపైనైనను గీయవచ్చును. అనగా సందు, సరి అను విభాగము స్త్రీల సౌకర్యముకొరకు ఏర్పడిన యాదృచ్ఛిక విభాగము కాదు. పరపు చిత్రణ శాస్త్రమునకే మూలమైన విభాగము. ఐదు మలుపుల తిరుగుడు గల చిత్రమేదియు ఇట్లు పునరావృత్తము కాజాలదని గణితము చెప్పుచున్నది. ఐదు రేకుల ముగ్గులు మనకు లేకపోలేదు. కాని అవి చుక్కల వరుసలపై గాక నడిమినుండి వెలువడు తెగలోనివి.

నోటినుండి అచ్చునకు

నిజాము రాజ్యమున ఉన్నత విద్యకు ఉర్దూ మాధ్యమముగా నుండెడిది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ భాషలోనే బోధన సాగించెను. అట్టి కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పి తెలుగు మాధ్యమమున బాలికలకు చదువు చెప్పించుట సాంఘిక చరిత్రలో గొప్ప ఘట్టము. ముగ్గునకును ఈ పాఠశాలకును ఏమి సంబంధమని ప్రశ్నింపవచ్చును. స్త్రీలు తెలుగు చదువనేర్చిన పిమ్మటనే ముగ్గు వాక్యము నోటినుండి అచ్చునకు ఎక్కుటకు వీలు కలిగినది. పత్రికలలో సంక్రాంతి సంచికలందును, చిన్న ముగ్గుల పుస్తకములందును చిత్రము క్రింద చుక్కల సంఖ్య, ఆగవలసిన సంఖ్య, సందో సరియో తెలుపు మాట, ఈ మూడును వరుసగా అచ్చు పడుచుండెడివి. చదువువచ్చిన ఇల్లాలు ఈ ఒక్క పంక్తిని చూచి, బొమ్మను మరల చూడకయే నేలను సిద్ధము చేసికొనగలుగు చుండెను.

సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’ 1949లో వెలువడినది. రాజుల యుద్ధములే చరిత్ర కాదనియు, జనుల తిండి, బట్ట, ఆట, పండుగ చరిత్రకు తగిన వస్తువులే యనియు ఆ గ్రంథము మనకు నేర్పెను. అయినను మన విశ్వవిద్యాలయములలో ముగ్గును అలంకారముగ చూచుటయే గాని, భాషగా, అనగా వాక్యనిర్మాణము గల నియమసంపుటిగా, చూచుట అరుదు. ఆ పని పొరుగున జరిగినది. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ గారలు, కమలా కృతివాసన్ గారితో కలిసి, తమిళుల కోలములను వ్యాకరణ సూత్రములవంటి సూత్రములతో కంప్యూటరుచే ఉత్పత్తి చేయు విధమును 1974లో ఒక పరిశోధన పత్రమున ప్రకటించిరి. వాకిటి చిత్రము కంప్యూటరు శాస్త్రమున వ్యాకరణ విషయముగా ప్రవేశించిన ఘట్టమిది. వారు గ్రహించిన మర్మము మన యిండ్లలో నిత్యమును పలుకబడుచున్నదే: చిన్న నియమము, పెద్ద చిత్రము.

సాధనములు చేయు పని

1990ల దశకమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు జ్యామితి కేంద్రమున ‘కాలీ’ అను కార్యక్రమము వాడుకలో నుండెను. వాడువాడు 17 తరగతులలో నొకదానిని ఎన్నుకొని ఒక గీత గీచినచో, ఆ తరగతి నియమము ననుసరించి గీత తెరయందంతటను వ్యాపించెడిది. నేడు ఉచితముగ లభించు ఇంక్‌స్కేపు అను చిత్రలేఖన సాధనమునందును ఒక ఆకృతి నకళ్లను 17 తరగతుల ప్రకారము పరచు ఏర్పాటు కలదు. ఆస్ట్రియాకు చెందిన మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆరంభించిన జియోజెబ్రా నేడు అంతర్జాలమున అందరికిని అందుబాటులో నున్నది. బాలుర గణిత బోధనకై రూపొందిన పాలీప్యాడు అను మరియొక సాధనమున పలకలను చేతితో జరిపినట్లే జరిపి పరపు చేయవచ్చును.

ఈ సాధనములను జాగ్రత్తగ చూచినచో రెండు జాతులు కనబడును. నియమమును మనచే అడిగించుకొని చిత్రమును ఇచ్చునవి మొదటి జాతి. నియమమును దాచి, సిద్ధమైన చిత్రములను వరుసగా చూపి, ఎన్నుకొనుమనునవి రెండవ జాతి. మొదటి జాతి సాధనము ముగ్గు వాక్యమునకు వారసురాలు. రెండవది ద్వారబంధము ముందు అతికించు ముగ్గు కాగితము వంటిది; అందముగ నుండును, కాని దానినుండి రెండవ ముగ్గు పుట్టదు.

ఒక పరిశీలనము

గత ధనుర్మాసమున మేము చేసిన పరిశీలనము నొకదానిని ఇచట నివేదించుచున్నాము. చిక్కడపల్లిలో ఏబదియేండ్లకు పైగా నివసించుచున్న ఒక వృద్ధురాలు, తన పెండ్లినాడు లోగిలి యిల్లుగా నుండి ఇప్పుడు అంతస్తులుగా మారిన భవనమున మూడవ అంతస్తునందు ఉన్నది. ఆమెకు నేడు గడప ముందు రెండు మూరల నేల మాత్రమే మిగిలినది. అందులో ఆమె ఐదు చుక్కలకు మించిన ముగ్గు పెట్టజాలదు. తాను పూర్వము వాకిట పెట్టిన పెద్ద ముగ్గును చెప్పుమని కోరగా, పదిహేను చుక్కలు, ఒకటి వచ్చువరకు అని చెప్పినది. అశోక్‌నగరున గదిలో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్న మా పూర్వ విద్యార్థి యొకడు మా వెంట వచ్చి, ఆమె చెప్పినది చెప్పినట్లు జియోజెబ్రాలో చుక్కలను పెట్టెను. ఆ సాధనము మామూలుగ చూపునది చదరపు గళ్ల నేల. అతడు దానిపై రెండేసి తగ్గించుచు 113 చుక్కలను అమర్చి, ఆమెకు చూపించెను.

ఆమె కన్నద్దములు సవరించుకొని ఒక్క క్షణము చూచి, “గిది సరి చుక్క బిడ్డా. నేను చెప్పింది సందు చుక్క. గీ నేల మీద ఆరు రేకులు ఎట్ల కూసుంటయి?” అన్నది.

ఆ మాటను మొదటనే ఏల చెప్పలేదని మేము అడిగితిమి. “చుక్కలు వెట్టేటప్పుడు చెయ్యికే తెలుస్తది గద సారూ, నోటితోని ఎందుకు చెప్పాలె?” అని ఆమె సమాధానము.

విద్యార్థి గళ్లను త్రిభుజపు గళ్లుగా మార్చెను. ఆ సాధనమున అట్టి గళ్లకును ఏర్పాటు కలదు. కాని అది లోపలి పట్టికలో, ఆంగ్లమున వేరొక పేరుతో నున్నది. ఈసారి 225 చుక్కలు వచ్చినవి. ఆమె వ్రేలితో తెరపై ఒక రేకు చూపినది. అతడు ఆ రేకును 60 డిగ్రీలు చొప్పున త్రిప్పెను. ఆరు రేకుల పువ్వు ఏర్పడెను. పిమ్మట ఆ పువ్వును ప్రక్క చుక్కలకు జరిపినచో, పువ్వునకు పువ్వునకు నడుమ మిగిలిన ఖాళీ కూడ ఒకే ఆకృతిగా వరుసదీరెను. పోటీ పరీక్షలలో అసంపూర్ణ చిత్రమును పూర్తిచేయుమను ప్రశ్నలు వందలకొలది చేసిన ఆ విద్యార్థి, ఆ ప్రశ్నలకును ఈ చుక్కలకును గల సంబంధము తనకు ఆనాడు తోచినదని మాతో చెప్పెను.

ఈ చిన్న సంఘటనమునుండి మేము గ్రహించిన విషయములు మూడు. మొదటిది, సాధనమున లోపము లేదు. అడిగిన నేలను అది ఇచ్చినది. రెండవది, వృద్ధురాలి జ్ఞానమున లోపము లేదు. తప్పు నేలను క్షణములో పట్టినది. లోపము నడుమ నున్నది. చేతికి తెలిసిన మాట నోటికి రాలేదు. నోటికి వచ్చినపుడు సాధనమున ఆ మాట లేదు. మూడవది, నేల పోయినందున చేయి పని మానినది. చేయి పని మానినందున మాట పలుకవలసిన సందర్భమే తగ్గినది. లోగిలి పోవుట వాస్తువిషయమని తలంచితిమి గాని, దానితో నొక పారిభాషిక పదము కూడ పోవుచున్నదని మేమును అంతవరకు తలంపలేదు.

మరికొన్ని యిండ్లలో విచారింపగా, పడుచువారు ముగ్గులను దూరవాణి తెరపై వీడియోలలో చూచి పెట్టుచున్నామని చెప్పిరి. ఆ వీడియోల పేర్లలో 15-8 వంటి అంకెలు నిలిచియే యున్నవి. ఇది సంతోషింపదగిన సంగతి. 15-8 అని వరుసకొకటి తగ్గించునపుడు చుక్క సందులోనే పడవలయును గాన, అచట మాట లోపించినను అర్థము చెడదు. కాని 15-1 అన్నచోట మాట లేనిదే అర్థము నిలువదని పైన చూపితిమి. అంకెలు నిలిచి మాట పోవుటలోని ప్రమాదము ఇదియే.

ఆక్షేపణములు

ఇందుపై రెండు ఆక్షేపణములు రావచ్చును. ముగ్గు పరపు చిత్రము కాదు, అది హద్దులు గల చిత్రము అనుట మొదటిది. ఇది కొంతవరకు నిజము. ముగ్గునకు నడిమి యుండును, అంచు ఉండును. పరపునకు రెండును ఉండవు. కాని ముగ్గు క్రిందనున్న చుక్కల నేల పరపే. పదిహేను చుక్కల నేలను ఇరువదియొకటి చుక్కలకు పెంచుటకు క్రొత్త నియమ మేదియు అక్కరలేదు. మేము చెప్పునది ముగ్గంతయు పరపు అని కాదు. పరపు శాస్త్రపు మొదటి మెట్టు ముగ్గున స్పష్టముగ నున్నదని మాత్రమే.

సాధనములు వచ్చిన తరువాత చేతిపనితో ఏమి ప్రయోజనమనుట రెండవది. దీనికి ఇటీవలి చరిత్రయే సమాధానము. ఒకే పలకతో తలమును నింపుచు, ఎన్నటికిని క్రమముగ పునరావృత్తము కాని పరపు సాధ్యమా అను ప్రశ్న గణితజ్ఞులను దశాబ్దములపాటు వేధించెను. రోజర్ పెన్‌రోజు 1970ల దశకమున రెండు పలకలతో అట్టి పరపును సాధించెను. ఒక్క పలకతో సాధించినవాడు ఇంగ్లండు దేశీయుడగు డేవిడ్ స్మిత్. ఇతడు ముద్రణరంగమున పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు, వృత్తిచే గణితజ్ఞుడు కాడు. ఆకృతులను అమర్చి చూచు ఒక కంప్యూటరు సాధనముతో ఆడుచు అతడు ఒక వింత ఆకృతిని గమనించెను. పిమ్మట దట్టపు కాగితముపై దాని నకళ్లను కత్తిరించి చేతితో పరచి చూచెను. క్రెయిగ్ కాప్లన్, జోసెఫ్ మయర్స్, ఛేమ్ గుడ్‌మన్-స్ట్రాస్ గారలతో కలిసి 2023 మార్చిలో ఫలితమును ప్రకటించెను. టోపీ యని పేరొందిన ఆ పలక షడ్భుజముల నేలనుండి కోసిన ఎనిమిది గాలిపటపు ముక్కల కూర్పు. అనగా ఆ పలక పుట్టినది మన యిల్లాండ్రు సందు చుక్క అను నేలమీదనే. సాధనము చూపినది, చేయి నిర్ధారించినది, గణితము నిరూపించినది. ఈ మూడింటిలో దేనిని తీసివేసినను ఆ ఫలితము మనకు దక్కి యుండెడిది కాదు.

ఉపసంహారము

పై చర్చ వలన తేలిన కర్తవ్యము స్వల్పము, కాని త్వరితముగ చేయదగినది. ముగ్గుల చిత్రములు నేడు కొల్లలుగా భద్రమై యున్నవి. వానికొరకు చింత యక్కరలేదు. భద్రము కానిది ముగ్గు వాక్యము. ఒక్కొక్క పేటలో, ఒక్కొక్క కుటుంబమున, చుక్కలను గూర్చి ఏ మాటలు వాడిరో, సందునకు మధ్యకు ఎదురుకు భేదము పాటించిరో లేదో, మెలికను ఏమని పిలిచిరో, వినిన మాట వినినట్లు వ్రాసికొనవలయును. ఈ పని తెలుగు శాఖల విద్యార్థులు చేయదగినది. గణిత శాఖలవారు తోడు రాదగినది. అట్లు సేకరించిన మాటలను తెలుగున పరపు సాధనమును రూపొందించువారు గ్రహించి, మొదటి ప్రశ్నగా ‘సరి చుక్కయా, సందు చుక్కయా?’ అని అడిగినచో, క్రొత్త పారిభాషిక పదములకొరకు వెదుకవలసిన శ్రమ తప్పును. పదిహేనేండ్ల బాలికయు ఆమె నాయనమ్మయు ఒకే తెర ముందు ఒకే మాటతో మాట్లాడుకొందురు.

ఆషుర్ఖానా గోడపై పలకలు రాలినపుడు, మిగిలిన వరుసలను చూచి పూరింపగలవారు ఆ కాలమున ఉండిరి. మన వాకిళ్ల విషయమున మిగిలిన వరుసలు ఆ వృద్ధురాలి వంటి వారి చేతులలో నున్నవి. మేము చిక్కడపల్లినుండి సెలవు తీసికొనునాడు ఆమె మా విద్యార్థిని పిలిచి, తన రెండు మూరల నేలపై అయిదు చుక్కలు, మూడు వచ్చువరకు పెట్టించి, ప్రతి చుక్కకును సందు, సందు అని పైకి పలికించినది. మొత్తము పందొమ్మిది చుక్కలు. అతడు ఒక్కటియు తప్పలేదు.